1,200 పెట్టి కొన్న ఎడ్లబండి

విజయవాడ వెళ్లి కొండపల్లి బొమ్మలు కొనాలనుకుంటే, ఒక్క పూట ఓపిక పట్టి నేరుగా కొండపల్లే వెళ్లండి. మేం ముందు బజారుకి వెళ్లాం.

ఈసారి సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టి తీరాలని మా వదిన పంతం. మా అమ్మ నాటి బొమ్మల్లో సగం చెదపురుగులు తినేశాయి. అందుకని కాకినాడ నుంచి ఇద్దరం బయల్దేరాం. మొదటి రోజు బాపు మ్యూజియం చూశాం, హాయిగా గడిచింది.

సాయంత్రం అయిదింటికి గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో దిగాం. రూము 1,600. ఫోనులో '24 గంటల చెకౌట్' అన్నాడు. మర్నాడు నాలుగింటికి ఖాళీ చేయబోతే "మాకు మధ్యాహ్నం పన్నెండుతో రోజు అయిపోతుందమ్మా" అని ఇంకో 800 గుంజాడు. పొద్దున వేడినీళ్లు మనిషికో బకెట్టే, అవీ గోరువెచ్చన. ఆ కోపం మీదే వదిన బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక బొమ్మల కొట్టుకి వచ్చింది. ఎడ్లబండి మీద చీటీ 1,450. బేరమాడి 1,200కి తెగ్గొట్టాక ఆవిడ ముఖం విప్పారింది. దశావతారాల సెట్టు మాత్రం 4,500కి పైసా తగ్గనన్నాడు. సరే, ఇంత దూరం వచ్చాం కదా, అసలు ఊరే చూద్దామనుకున్నాం.

కొండపల్లికి సిటీ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు. దిగాక బొమ్మల కాలనీకి ఆటో 60.

ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన ఏనుగు తొండం చెక్కుతున్నాడు. మా సంచిలోంచి ఎడ్లబండి తీసి చూపించాం. చేతిలోకి తీసుకున్నాడో లేదో నవ్వాడు. "మాది కాదమ్మా. ఇంత బరువుండదు" అని గోటితో అడుగున గీకాడు. రంగు పెళ్లలా లేచింది, కింద కర్ర లేదు. అచ్చులో పోసిన సరుకు. తన బండి తెచ్చి వదిన రెండో చేతిలో పెట్టాడు. ఆవిడ కూరగాయలు తూచినట్టు రెండు చేతులూ ఆడించి, ఏమీ అనకుండా నా వంక చూసింది.

వాళ్లు వాడేది తెల్ల పొణికి కర్ర. దూదిలా తేలిక. చేతులూ కాళ్లూ కిరీటాలూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. రంగుల పని ఇంటావిడది. దశావతారాలు ఇద్దరికీ నాలుగు రోజుల పనట. ధర 2,600. బేరానికి నోరు తెరవబోయిన వదిన అక్కడే లెక్క మొదలెట్టింది. కర్రకీ రంగులకీ 500 పోతే, మనిషికి రోజుకి 262. "మా ఇంటికొచ్చే తాపీ మేస్త్రికి వెయ్యి ఇస్తున్నాం కదే" అంది. కొట్లవాళ్లు ఫోనులో ఆర్డరిచ్చి, అమ్ముడయ్యాక డబ్బులు పంపుతారట. కొండపల్లి బొమ్మకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతంలో చేసిన బొమ్మనే ఆ పేరుతో అమ్మాలి. అయినా కొట్లో ఆ కాగితం ఎవరడుగుతారు? నేనే అడగలేదు. కొడుకు ఈ పనిలోకి రాకుండా థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడని ఆయన మామూలుగానే చెప్పాడు.

దశావతారాలు, 650కి ఎడ్లబండి, 900కి అంబారీ ఏనుగు తీసుకున్నాం. పాత న్యూస్‌పేపర్లో చుట్టి, గడ్డి పరిచి, అట్టపెట్టెలో సర్ది ఇచ్చాడు. వెళ్లేవాళ్లు భోజనాల వేళకి ముందే వెళ్లండి, పని జరుగుతుండగా చూడొచ్చు. బేరం ఆడకండి, దయచేసి.

రైలుకి ఇంకా టైముందని మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాం. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు చూపించాడు. వదిన వాదించలేదు. రెండు బళ్లూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి, అప్పుడే వచ్చిన ఒక కుటుంబాన్ని పిలిచి "కాస్త ఇవి చేత్తో పట్టుకు చూడండి" అంది. వాళ్లు పట్టుకునేలోపే అతను గల్లాపెట్టె తెరిచి వెయ్యి చేతిలో పెట్టాడు. మిగతా 200 అడుగుదామంటే నేనే లాక్కొచ్చాను, రైలు టెన్షన్.

మేం మెట్లు దిగేసరికే ఆ బండిని గుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టేశాడు, 1,450 చీటీతో సహా.