మా పొలం లేఅవుట్‌కు వస్తుందో రాదో తేల్చి చెప్పిన హనుమకొండ ప్లానింగ్ ఆఫీసు: నా రివ్యూ

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. నక్కలగుట్టలో మొదటి అంతస్తులో ఉన్న చిన్న ప్రైవేటు ఆఫీసు ఇది. టౌన్ ప్లానింగ్ చదివిన ఒక అమ్మాయి, ఒక లైసెన్స్‌డ్ సర్వేయర్ కలిసి నడుపుతున్నారు. పొలం ఉండి, దాన్ని లేఅవుట్‌గా, అంటే అనుమతితో రోడ్లు వేసి ప్లాట్లుగా, మార్చుకోవచ్చా అని ఆలోచించే వాళ్ల కోసం రాస్తున్నాను.

హసన్‌పర్తి వైపు నాన్న ఇచ్చిన 3 ఎకరాల 10 గుంటలు మాకు ఉంది. సగం నా పేరు మీద, సగం తమ్ముడి పేరు మీద. మొదట ఒక మధ్యవర్తి ఇంటికి వచ్చి, "అక్కా, నాలా కన్వర్షన్ చేయిస్తే సరిపోతది, ప్లాట్లు కొట్టేయొచ్చు" అని లక్ష రూపాయలు అడ్వాన్సు అడిగాడు. తమ్ముడు ఇచ్చేద్దామన్నాడు. నేను ఆపి ఈ ఆఫీసుకు తీసుకొచ్చాను.

ఆ అమ్మాయి మొదట చెప్పిన మాటకే సగం మార్కులు ఇవ్వొచ్చు. "మేడమ్, నాలా అంటే రెవెన్యూ రికార్డులో ఇది సాగు భూమి కాదని మార్చుకోవడం. మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఏ భూమి దేనికి వాడాలో ప్రభుత్వం గీసిన పటంలో, మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో అది వేరే సంగతి. జోన్ చూడకుండా నాలాకు డబ్బు కట్టకండి." 2024 నవంబరులో ఆమోదం పొందిన వరంగల్ 2041 మాస్టర్ ప్లాన్ మీద మా సర్వే నంబరు హద్దులు పెట్టి కంప్యూటర్‌లో చూపించింది. మా పొలం రెసిడెన్షియల్‌లోనే ఉంది. కానీ తూర్పు అంచు చెరువు వైపు పోతుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలట. మా చెరువు పెద్దది. సర్వేయర్ కొలిచి 12 గుంటలు ఆ బఫర్‌లో పోతాయని తేల్చాడు. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన ఊళ్లు మావి. ఆ 12 గుంటలు వదలడం నాకు న్యాయంగానే అనిపించింది.

తర్వాత లెక్క. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి మాది మొత్తం 15,730 గజాలు. తమ్ముడు అంతా అమ్మకానికే అనుకున్నాడు. బఫర్ తీసేసి, రోడ్లు వదిలి, 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చాక ప్లాట్లుగా చేతికొచ్చేది సుమారు 8,000 గజాలే అని ఆ అమ్మాయి కాగితం మీద వేసి చూపించింది. అందులోనూ 15 శాతం, అంటే 1,200 గజాలు, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయ్యేదాకా అనుమతి ఇచ్చే సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి. ఆ ఖర్చు పెట్టాల్సింది మనమే. ఇవన్నీ ఫీజు తీసుకోకముందే చెప్పింది.

అసలు చిక్కు దారి దగ్గర వచ్చింది. మా పొలానికి ఉన్నది బండ్ల బాట మాత్రమే. వెడల్పు చేయాలంటే పక్కనున్న బాబాయి పొలం కూడా కలవాలి, అందులో కొంత అగ్రికల్చర్ జోన్‌లో ఉంది. దానికి భూ వినియోగ మార్పు కోరుతూ కుడాకు (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీకి) దరఖాస్తు పెట్టుకోవాలి. కుడా తన నివేదికతో ప్రభుత్వానికి పంపుతుంది, అభ్యంతరాలు చెప్పమని ప్రకటన వస్తుంది, ఆ తర్వాత జీవో. బాబాయి మొదట్లో భయపడ్డాడు. 2022లో రింగ్ రోడ్డు చుట్టూ ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీసుకుని, అభివృద్ధి చేసి కొంత ప్లాట్లుగా తిరిగిచ్చే పద్ధతి) అనగానే రైతులు రోడ్డెక్కడం, చివరికి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోవడం మా వైపు ఎవరూ మరిచిపోలేదు. "పెద్దనాన్నా, ఇది మీరే మీ ఇష్టంతో పెట్టుకునేది. పొలం మీ పేరు మీదే ఉంటది, ఎవరికీ రాసియ్యరు" అని ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. మార్పు తప్పకుండా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేదు. ఆనుకుని ఉన్న రెసిడెన్షియల్ జోన్, దారి ఎంత వెడల్పవుతుంది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఇవి మ్యాపుల్లో చూపిస్తూ దరఖాస్తు బలంగా రాసింది. పట్టాదారులందరి సంతకాలు ఒకే కాగితం మీద పెట్టించింది. అధికారులకు ఏం చూపిస్తే మన మాట వింటారో తెలిసిన మనిషి పక్కన ఉండడం ఎంత ధైర్యమో నాకు అప్పుడు అర్థమైంది.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఇచ్చారు. సంతకం పెట్టేది బాబాయి లాంటి రైతులైనప్పుడు తెలుగులో రెండు పేజీలైనా ఉండాలి, ఇది చిన్న విషయం కాదు. రోడ్లు, డ్రైనేజీ ఖర్చును కూడా ఒకే మొత్తంగా రాశారు, విడివిడిగా అడిగి రాయించుకోవాల్సి వచ్చింది. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు.

సర్వేకు, రిపోర్టుకు కలిపి 18,000 తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. దరఖాస్తు పనికి ఫీజు వేరు. వెళ్లేవాళ్లు పాస్‌బుక్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత పహాణీ (ఊరి సాగు రికార్డు), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) పట్టుకెళ్లండి. టిపన్ (పాత సర్వే కొలతల పటం) నకలు ఉంటే హద్దుల పని తొందరగా అవుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి పేరు మీద ఉన్న పొలమైతే అందరూ కలిసే వెళ్లండి, ఎందుకంటే ఒక్కరు సంతకం పెట్టకపోయినా ఫైలు కదలదు.