ఇంట్లో టాక్ షోకి వైరు కాలర్ మైకు: ఇన్నాళ్లు వాడాక

ఇంట్లో టాక్ షో మొదలుపెడదామనుకునే కుర్రాళ్లు "అన్నా, ఏ కెమెరా తీసుకోమంటావ్?" అనే అడుగుతారు ముందు. కెమెరా సంగతి తర్వాత చూద్దాం, మైకు కొనుక్కోరా అబ్బాయా అంటాను. నెల్లూరులో మా మేడ మీద గదిలో తీసే ఎపిసోడ్లన్నీ మామూలు ఫోన్లతోనే, పైగా వెయ్యి రూపాయల్లోపు వైరు కాలర్ మైకులు రెండు, మొదటి నుంచీ అవే. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం నిమిషం కూడా ఆగరు.

దీంట్లో నాకు బాగా నచ్చింది, వచ్చినవాళ్లు కాసేపటికే మైకు ఉందన్న సంగతి మర్చిపోతారు. పెద్ద మైకు స్టాండుతో సహా ఎదురుగా పెట్టామా, మనోళ్లు వెంటనే "సభకు నమస్కారం" అని ఉపన్యాసంలోకి దిగుతారు. ఉదయగిరి నుంచి చెక్క స్పూన్లు చేసే పెద్దాయన వచ్చినప్పుడు చొక్కాకి ఇది తగిలించి టీ ఇచ్చానంతే, నర్ది చెక్క కోసం కొండెక్కే రోజుల నుంచి కూతురి పెళ్లి దాకా ఆయనే చెప్పుకుంటూ పోయాడు, నేను ప్రశ్నలు రాసుకున్న కాగితం తీయనే లేదు.

గడ్డానికి జానెడు కింద పెట్టాలి, చొక్కాలకైతే ఇబ్బంది లేదు. చీరలతోనే చిక్కు. పట్టుచీర పైట కదిలితే సరసరా, సూత్రాల గొలుసు తగిలితే టకటకా, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వింటే గానీ తెలీదు. భుజం మీద పిన్నీసుకి కాస్త దిగువన, గొలుసు అందని చోట క్లిప్పు పెట్టి, వైరు పైట లోపలి నుంచి వదిలితే సరిపోతుంది, ఆ పని మా ఆవిడ చేస్తుంది.

ఇక అసలు బాధ ఫ్యాను. ఈ మైకు అన్ని వైపుల నుంచీ శబ్దం లాగుతుంది, కాబట్టి ఫ్యాను తిరిగితే ఆ మోతంతా రికార్డింగులో ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరు మేడ మీద ఫ్యాను కట్టేసి ఎవరిని కూర్చోబెడతాం చెప్పండి? అందుకే వేసవిలో తెల్లారుజామునే పెట్టుకుంటున్నాం. ఇంకో పని, మొదట్లో ఎవరూ మాట్లాడకుండా నాలుగైదు సెకన్లు రికార్డు చేయండి, ఆడాసిటీ అని ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే, అందులో ఆ ముక్కని నాయిస్ ప్రొఫైలుగా, అంటే మోతకి నమూనాగా తీసుకుని, నాయిస్ రిడక్షన్ పెడితే మోత చాలావరకు తగ్గుతుంది. మరీ ఎక్కువ తగ్గించబోతే గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. గది గోడల ప్రతిధ్వని మాత్రం సాఫ్ట్‌వేర్‌తో ఓ పట్టాన పోదు, దానికి మా ఇంటి పాత బొంతలే మందు, కెమెరాకి కనపడని గోడకి వేలాడదీశా. వీధిలో చేపలమ్మే ఆమె కేక పడితే తీసెయ్యను, అది ఉంటేనే మా షో.

ఇద్దరికి రెండు మైకులు, రెండు ఫోన్లు. రికార్డింగ్ మొదలవగానే గట్టిగా ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో రెండు ఆడియోలూ కలపడం తేలిక.

అరుగుదల విషయానికొస్తే స్పాంజి టోపీ పొడిపొడిగా రాలిపోయింది, క్లిప్పు పట్టు వదులైంది. మాది బ్యాటరీ రకం, స్విచ్ ఆపకుండా సంచిలో పడేస్తే ఎల్ఆర్44 గుండీ బ్యాటరీ అయిపోతుంది, అదనంగా ఒకటి దగ్గరుంచుకోవాలి. ఆరు మీటర్ల వైరు మా గదికి దండగ, కాళ్లకి చుట్టుకుంటుంది. బయట అయితే దీన్ని నమ్ముకోవద్దు. మైపాడు వైపు రొయ్యల గుంట గట్టు మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోతలో మనిషి మాట మునిగిపోయింది, చివరికి కాపలా గుడిసెలో కూర్చుని మాట్లాడుకున్నాం.

డబ్బులొస్తాయా అంటే, యూట్యూబ్ ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి, షార్ట్స్‌కి వేరే లెక్క. నేను ఆ లెక్కలు చూడటం మానేశా. 15 నిమిషాలు దాటిన వీడియో పెట్టాలంటే మాత్రం ముందే ఫోన్ నంబర్ వెరిఫై చేసుకోండి, ముచ్చట్లన్నాక పావుగంటలో తెమలవు.

కొనేటప్పుడు వైరు చివరి జాక్ మీద మూడు నల్ల గీతలున్నాయా చూడండి, ఫోన్‌కి కావాల్సింది అది. మీ ఫోన్‌కి గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సి అడాప్టర్ కూడా కావాలి, చవక వాటిలో కొన్నింట్లో పాటలు వినపడతాయి గానీ మైకు పనిచెయ్యదు, షాపులోనే ఓసారి మాట్లాడి రికార్డు చేసి, విని మరీ డబ్బులివ్వండి.