మాంటిసెల్లో వెళ్తే బంగళా కంటే ముందు మల్బరీ రో చూడండి

లాంగ్ వీకెండ్‌కి అత్తయ్యగారిని తీసుకుని వర్జీనియాలోనే ఆష్‌బర్న్ నుంచి షార్లట్స్‌విల్ వెళ్లొచ్చాం, రెండు గంటల డ్రైవ్. మాంటిసెల్లో అంటే అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు, ఐదు సెంట్ల నాణెం వెనక ఉండేదే. బంగళా బాగుంది. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను వదిలేస్తున్నా.

నన్ను పట్టుకున్నది దాని పక్కనే, కొంచెం దిగువన ఉన్న మల్బరీ రో. జెఫర్సన్ జీవితకాలంలో ఆయన కింద 600 మందికి పైగా బానిసలున్నారు, వాళ్లలో కొందరు బతికి, పనిచేసిన వీధి ఇది. 1796లో ఇన్సూరెన్స్ కోసం ఆయనే రాసిన పత్రంలో గుడిసెల కొలతలున్నాయి: 12 అడుగులకి 14, చెక్క పొగగొట్టం, మట్టి నేల. పదేళ్లు దాటిన మగపిల్లల చేత మేకులు కొట్టించిన కొలిమి కూడా ఇక్కడే, ఏ పిల్లాడు ఎంత ఇనుము వృథా చేశాడో కూడా దొరగారు లెక్క రాసుకున్నారు!

తవ్వకాల్లో గుడిసెల నేల కింద గోతులు బయటపడ్డాయి. గైడ్ ఆ మాట అనగానే అత్తయ్యగారు "పాతరే కదమ్మాయ్, మా కర్నూలు పక్క జొన్నలు పోసుకునేవాళ్లం" అన్నారు. కాకపోతే అసలు సంగతి వేరే. పాత ఇళ్లలో ఒకే గదిలో చాలా గోతులున్నాయి, 1790లలో వేసిన చిన్న గుడిసెలకొచ్చేసరికి అవి తగ్గిపోయాయి. చుట్టరికం లేనివాళ్లని ఒకే కప్పు కింద పడేస్తే ఎవరి సొత్తు వాళ్లు ఎవరి గోతిలో వాళ్లు పెట్టుకున్నారనీ, కుటుంబంతో ఉండే వీలు దొరికాక ఆ అవసరం తగ్గిందనీ పురావస్తువాళ్ల వివరణ. ఇంకా పగిలిన పింగాణీ, బెజ్జం పెట్టిన నాణేలు, ఒక గవ్వ (అవును, మన అష్టాచెమ్మా గవ్వ లాంటిదే) దొరికాయి. డబ్బులెక్కడివి అనుకున్నా. పగలంతా పనిచేసి, మిగిలిన పొద్దులో కోళ్లు పెంచి, కూరగాయలు వేసి, ఆ గుడ్లూ కూరలూ దొరగారి వంటింటికే అమ్మేవాళ్లట, ఆ కొనుగోళ్లు ఆయన మనవరాలు పుస్తకంలో రాసింది.

బానిసల జీవితం మీద విడిగా గైడ్ టూర్ ఉంది, అది మాత్రం వదులుకోకండి. పైకి షటిల్ బస్సు ఉంది, పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు, కానీ మల్బరీ రోలో కంకర దారి, మంచి చెప్పులు వేసుకోండి. మేం దిగిన మోటెల్ సంగతి చెప్పుకోకపోవడమే మేలు, రాత్రంతా ఏసీ గుర్రుమంది, బ్రేక్‌ఫాస్ట్‌లో వెజ్ అంటే అరటిపండే.

మర్నాడు 30 మైళ్ల దూరంలోని నాలుగో అధ్యక్షుడు మాడిసన్ ఇల్లు మాంట్‌పీలియర్‌కి వెళ్లాం. జనం తక్కువ, నాకైతే బానిసత్వం గురించి అక్కడి నేలమాళిగ ప్రదర్శనే ఎక్కువ నచ్చింది. పచ్చి ఇటుక మీద పడి, కాలాక అలాగే మిగిలిపోయిన బానిసల వేలిముద్రలు చూపిస్తారు. ఒక్కరోజే ఉంటే మాత్రం మల్బరీ రోకే నా ఓటు.

ఇంకోటి. మాంటిసెల్లో పార్కింగ్ దగ్గర చెట్ల కింద కంచె వేసిన జాగా ఒకటుంది, బానిసల శ్మశానం. బోర్డు చూడకుండానే మేం దాని పక్కన చాప వేసుకుని పులిహోర తిన్నాం. చేతులు కడుక్కోవడానికి లేచాక చూశారు అత్తయ్యగారు, బాక్సులో మిగిలింది ఇక ఎవరూ ముట్టలేదు.