మూడేళ్లు ఆలస్యంగా శాంటో డొమింగో, కింగ్‌స్టన్

“బేస్‌బాలా?” అని అడిగాడు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దాయన. కాదు, ఫుట్‌బాల్ అన్నాను. నన్నూ, నా వెనక చెమటలు కక్కుతున్న మా బావనీ ఎగాదిగా చూసి, ఇవాళ మ్యాచ్ లేదు, రేపూ లేదు అని నవ్వాడు. మ్యాచ్ కోసం కాదు, ఊరికే స్టేడియం చూసి పోదామని వచ్చాం అంటే ఆయనకి నమ్మకం కుదరలేదు. చివరికి ఫోన్‌లో స్పానిష్‌లోకి మార్చి చూపిస్తే, పది వేళ్లూ ఎత్తి “పది నిమిషాలు” అని సైగ చేసి వదిలాడు.

డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలోని ఫెలిక్స్ శాంచెజ్ ఒలింపిక్ స్టేడియం అది. 1974లో సెంట్రల్ అమెరికన్, కరీబియన్ క్రీడల కోసం కట్టారు. 2004లోనూ, 2012లోనూ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం తెచ్చిన శాంచెజ్ పేరు తర్వాత పెట్టారు. చుట్టూ పరుగుల ట్రాక్ ఉండటంతో, గ్యాలరీలోంచి చూస్తే పచ్చిక ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. ఫుట్‌బాల్ చూడటానికి గొప్ప చోటేం కాదు. ట్రాక్ మీద నలుగురు పిల్లలు హర్డిల్స్ సర్దుకుంటున్నారు.

“దీనికోసమా మూడేళ్లు నా బుర్ర తిన్నావు?” అన్నాడు బావ.

అవును, దీనికోసమే. నేను అమెరికాలోని టాంపాలో ఉద్యోగం చేస్తాను. 2020 ఏప్రిల్‌లో ఈ కరీబియన్ దీవుల్లో క్లబ్ ఫుట్‌బాల్ చూస్తూ పది రోజులు తిరగాలని టికెట్లు, గదులు అన్నీ బుక్ చేసుకున్నాను. మార్చి రెండో వారంలో కాంకకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ ఫుట్‌బాల్ సమాఖ్య) పోటీలన్నీ ఆపేసింది. జమైకా లీగ్ సీజన్ మధ్యలోనే రద్దయింది. విమానాలూ ఆగిపోయాయి. ఎయిర్‌లైన్ వాళ్లు డబ్బు బదులు ఓచర్ ఇచ్చారు. దానికో గడువు పెట్టారు. ఆ గడువు లోపల నేను కదలలేకపోయాను. ఎందుకంటే నా హెచ్1బీ వీసా స్టాంపు గడువు అప్పటికే ముగిసిపోయింది. ఇండియాలో కాన్సులేట్లు మూసేశారు. బయటికి వెళ్తే మళ్లీ అమెరికాలో అడుగుపెట్టడానికి దారి లేదు. వీసా ఇంటర్వ్యూ స్లాట్ కోసం అర్ధరాత్రి లేచి పేజీ రిఫ్రెష్ చేసిన వాళ్లకి ఆ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు. 2022లో హైదరాబాద్ వెళ్లి స్టాంపు వేయించుకున్నాక గానీ, 2023 ఫిబ్రవరిలో ఈ ప్రయాణం కుదరలేదు. డొమినికన్ రిపబ్లిక్‌కి మన పాస్‌పోర్టు మీద చెల్లే అమెరికా వీసా ఉంటే వేరే వీసా అక్కర్లేదు. బయల్దేరే ముందు ఈ-టికెట్ అనే ఆన్‌లైన్ ఫారం నింపి క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకుంటే చాలు.

ఈ కాగితాల గోల ఎందుకు చెప్తున్నానంటే, ఈ దీవుల క్లబ్బుల కథ కూడా అచ్చం ఇదే. జమైకా, హైతీ, డొమినికన్ రిపబ్లిక్, ట్రినిడాడ్ లాంటి చోట్ల లీగులు కాస్త పెద్దవి. అక్కడి క్లబ్బులకి 2022 దాకా కరీబియన్ క్లబ్ ఛాంపియన్‌షిప్ ఉండేది. మిగతా చిన్న దీవుల వాళ్లకి క్లబ్ షీల్డ్ అని ఇంకోటి. 2020లో షీల్డ్ అసలు జరగనే లేదు. 2021 మేలో ఛాంపియన్‌షిప్ జట్లని డొమినికన్ రిపబ్లిక్‌కే రప్పించి ఆడించారు. హైతీలోని లియోగాన్ ఊరి జట్టు కవాలీ గెలిచింది. ఆ గెలుపుతో 2022 కాంకకాఫ్ ఛాంపియన్స్ లీగ్‌లో అమెరికా క్లబ్ న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్‌తో ఆడే అవకాశం వచ్చింది. తీరా ఆ ఫిబ్రవరి వచ్చేసరికి ఆటగాళ్లకి అమెరికా వీసాలు అందలేదు. జట్టు తప్పుకుంది. బంతి కదలకుండానే న్యూ ఇంగ్లండ్ తర్వాతి రౌండ్‌కి వెళ్లిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేనూ స్లాట్ కోసమే చూస్తున్నాను.

ఇంకో హైతీ క్లబ్ అర్కాయే 2021 ఏప్రిల్‌లో ఇదే ఫెలిక్స్ శాంచెజ్‌ని సొంత మైదానం చేసుకుని మెక్సికో దిగ్గజం క్రుజ్ అజుల్‌ని 0-0 దగ్గర నిలబెట్టింది. వారం తర్వాత మెక్సికో సిటీలో 8-0 తేడాతో ఓడిపోయింది. బావకి రెండో స్కోరే గుర్తుండిపోయింది. నాకు మొదటిది.

ఇక బస సంగతి. శాంటో డొమింగోలో మొదటి మూడు రాత్రులు పాతనగరంలో, అంటే జోనా కొలోనియల్‌లో, ఒక పెద్దావిడ నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. 2020లో నేను గది పెట్టుకున్నది ఇక్కడే. అప్పుడు నేరుగా ఆవిడకే కొంత డబ్బు పంపాను. రద్దయ్యాక అడిగితే, “తిరిగి పంపడానికి ఇప్పుడు నా దగ్గర లేదు, నువ్వు వచ్చినప్పుడు చూసుకుందాం” అని మెసేజ్ పెట్టింది. పోయిన డబ్బే అనుకున్నాను. ఈసారి వెళ్లగానే ఆవిడ సొరుగులోంచి అట్ట ఊడిన రూళ్ల నోటుపుస్తకం తీసింది. 2020 ఏప్రిల్ పేజీ. వరసగా పన్నెండు పేర్లు. పదకొండింటి మీద అడ్డంగా గీత. మిగిలిన ఒక్క పేరు నాది, అదీ రెండక్షరాలు తప్పుగా రాసి ఉంది. పక్కన నేను పంపిన మొత్తం. ఇప్పటి రేటుతో కాకుండా అప్పటి రేటుతోనే లెక్కవేసి, మిగతాది చెల్లించమంది. ఆ తర్వాత నా పేరు మీద కూడా నిదానంగా గీత కొట్టి, “కాఫీ తాగుతారా, మి ఆమోర్ (నా ప్రియతమా)?” అంది. ఇక్కడ ఆడవాళ్లు కూరగాయలు అమ్మేటప్పుడు కూడా అలాగే పిలుస్తారు. బావ మాత్రం మూడు రోజులూ ఆ పిలుపు తలచుకుని మురిసిపోయాడు.

గది గొప్పదేం కాదు. మందపాటి రాతి గోడలు కాబట్టి మధ్యాహ్నం చల్లగా ఉంటుంది, సిగ్నల్ అందదు. శుక్ర, శనివారాల్లో వీధిలో బచాటా సంగీతం అర్ధరాత్రి దాటేదాకా మోగుతుంది. నాలుగున్నరకి కోళ్లు మొదలు. కరెంటు పోవడం ఇక్కడ మామూలే, ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది. పోగానే “టక్” మని శబ్దం వచ్చి ఫ్యాన్ మళ్లీ తిరిగితే, విజయవాడలో మా ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. శాంటో డొమింగోలో చివరి రాత్రి సముద్రం ఒడ్డున మలెకాన్ రోడ్డు మీద పెద్ద హోటల్లో దిగాం. లిఫ్టు, ఈతకొలను, బఫే అన్నీ ఉన్నాయి. రేటు రెండింతలు. చెక్-ఇన్‌కి గంటంబావు నిలబెట్టారు, గదిలో వేడినీళ్లు లేవు, ఫిర్యాదు చేస్తే చిరునవ్వు తప్ప ఇంకేం రాలేదు. కుటుంబంతో, చిన్నపిల్లలతో వెళ్తే అయినా హోటలే నయం. నాకైతే నోటుపుస్తకం ఆవిడే.

నగరంలో తిరగడానికి మెట్రో శుభ్రంగా ఉంది, మేం వెళ్లినప్పుడు కార్డు తీసుకుంటే ట్రిప్పుకి 20 పెసోలు. స్టేడియానికి హువాన్ పాబ్లో డువార్టె స్టేషన్లో దిగి నడవొచ్చు. ఊబర్ కూడా బాగానే దొరుకుతుంది. మోటార్‌సైకిల్ ట్యాక్సీలు ఎక్కొద్దు, హెల్మెట్ ఇవ్వరు. రెస్టారెంట్లో మెనూ మీద రేటు చూసి మోసపోవద్దు. 18 శాతం పన్ను, 10 శాతం సర్వీసు కలిపి బిల్లులో వేస్తారు. మధ్యాహ్నం అన్నం, ఎర్ర చిక్కుడుగింజల పులుసు, మాంసం కలిపి పెట్టే భోజనాన్ని ‘బండేరా’, అంటే జెండా అంటారు. అన్నం గిన్నె అడుగున మాడిన పొరని ‘కొన్‌కొన్’ అని అడిగి మరీ వేయించుకుంటారు. మా అమ్మమ్మ ఇంట్లో ఆ మాడుచెక్క కోసం నేనూ బావ కొట్టుకునేవాళ్లం. ఇక్కడ కూడా ఆయనే ఎక్కువ తిన్నాడు.

ఆదివారం బస్సులో శాంటియాగో వెళ్లాం. సుమారు రెండున్నర గంటలు. బస్సు బాగుంది గానీ ఏసీ చంపేస్తుంది, స్వెటర్ లేకుండా ఎక్కొద్దు. అక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది సిబావో ఎఫ్‌సీ స్టేడియం. చిన్నది. ట్రాక్ లేదు. పచ్చిక చేతికి అందేంత దగ్గర. 2017లో సిబావో కరీబియన్ క్లబ్ కప్పు గెలిచింది, ఒక డొమినికన్ జట్టు గెలవడం అదే మొదటిసారి. ఫుట్‌బాల్ కోసమే వెళ్లేవాళ్లు రాజధాని కంటే శాంటియాగోకి ఒక రోజు ఎక్కువ కేటాయించుకోండి. ఫిబ్రవరి ఆదివారాల్లో మాన్యుమెంట్ అనే పెద్ద స్మారకం చుట్టూ కార్నివాల్ జరుగుతుంది, మాస్కులు వేసుకున్న లెచోనెస్ అనే వేషగాళ్లు కొరడాలు ఝళిపిస్తూ ఊరేగుతారు. ఆ చుట్టుపక్కల హోటల్ తీసుకుంటే నిద్ర మీద ఆశ వదులుకోవాలి. మేం తీసుకున్నాం.

తర్వాత కింగ్‌స్టన్. మ్యాపులో చూస్తే సుమారు 730 కిలోమీటర్లు, అంతే. నేరుగా విమానం దొరక్క, పనామా వెళ్లి వెనక్కి రావాల్సి వచ్చింది. పొద్దున బయల్దేరితే రాత్రి చేరాం. ఆ పనామా ఎయిర్‌పోర్టులో కూర్చున్నప్పుడే, పక్క దీవితో ఆడటానికి ఒక చిన్న క్లబ్బు ఎంత ఖర్చు మోస్తుందో అర్థమైంది. కొవిడ్ రోజుల్లో దానికి పరీక్షలు, క్వారంటైన్ కూడా తోడయ్యాయి. “అందుకే క్రికెట్ వాళ్లు తెలివిగా చేశారు” అని బావ మొదలెట్టాడు. 2020లో సీపీఎల్ (కరీబియన్ ప్రీమియర్ లీగ్) మొత్తాన్ని ట్రినిడాడ్‌లోనే, ప్రేక్షకులు లేకుండా ఆడించారు, ట్రిన్‌బాగో నైట్ రైడర్స్ పన్నెండుకి పన్నెండు గెలిచింది. డబ్బున్న ఆటకి బబుల్ కట్టుకోవడం కుదురుతుంది బావా, అన్నాను. వినలేదు.

జమైకాకి మన పాస్‌పోర్టుతో టూరిస్టు వీసా అడగలేదు. న్యూ కింగ్‌స్టన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం: గేటు, గార్డు, నడిచివెళ్లేంత దూరంలో సూపర్‌మార్కెట్. రాత్రుళ్లు నడక వద్దని గార్డే చెప్పాడు, విన్నాం. ఊబర్ ఇక్కడ 2021 నుంచి ఉంది, అదే వాడాం. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. అందుకేనేమో రోడ్డు దాటేటప్పుడు బావ మొదటిసారి నా చెయ్యి పట్టుకోలేదు.

శనివారం ఆయన మాంసం ముట్టడు, ఏడుకొండలవాడి మొక్కు. శాంటో డొమింగోలో పచ్చి అరటికాయ ముద్ద తిని గడిపాడు. ఇక్కడ ‘ఐటల్’ అని రాసి ఉన్న రస్తఫారీ (జమైకాలో పుట్టిన మతం) వాళ్ల హోటల్ దొరికింది. పూర్తి శాకాహారం, ఉప్పు దాదాపు ఉండదు. పళ్లెంలో కలలూ అనే ఆకుకూర వడ్డించారు. బావ రెండు ముద్దలు తిని ఆగి, “ఇది తోటకూరే కదరా” అన్నాడు. నిజంగానే తోటకూర. అప్పటిదాకా ఈ ట్రిప్పు మీద ఆయనకున్న కోపం సగం ఆ పళ్లెంలోనే పోయింది. మిగతా సగం మర్నాడు ఉప్పు డబ్బా కొనుక్కున్నాక పోయింది.

ఆదివారం సాయంత్రం ఆర్నెట్ గార్డెన్స్ వాళ్ల ఆంటనీ స్పాల్డింగ్ మైదానానికి వెళ్లాం. తెలిసిన డ్రైవర్‌ని తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది. ఈ జట్టే 2018లో కరీబియన్ కప్పు ఫైనల్లో శాంటో డొమింగో క్లబ్ అట్లెటికో పంటోజా చేతిలో పెనాల్టీల్లో ఓడింది. 2021లో జమైకా లీగ్‌ని కెప్టెన్ హొరేస్ బరెల్ సెంటర్‌లో జనం లేకుండా ఆడించినప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో చూసేవాడిని. ఖాళీ గట్టు, కోచ్ అరుపులు ప్రతిధ్వనిస్తూ వినిపించేవి. ఇప్పుడు గ్యాలరీ సగమే నిండింది, కానీ గోల ఆగదు. మా ముందు వరసలో ఒక ముసలాయన ప్రతి పాస్‌కీ సొంత జట్టునే తిడుతున్నాడు. సైకిలు చక్రాల బండి మీద పల్లీలు వేయించేవాడు గేటు బయట నిలబడ్డాడు, బండి గొట్టంలోంచి ఆవిరి సన్నగా ఈల వేస్తూనే ఉంటుంది. మొదటి సగంలో రిఫరీ ఊదాడనుకుని బావ రెండుసార్లు లేచి నిలబడ్డాడు.

రెండో సగంలో ఆయనే వెళ్లి రెండు కాగితం పొట్లాలు పట్టుకొచ్చాడు. ఒకటి నాకిచ్చి, మైదానం మీంచి కళ్లు తిప్పకుండా, “ఆ ఎడమ వైపు కుర్రాడెవడో బాగా పరిగెడుతున్నాడు, పేరేంటి?” అని అడిగాడు. నాకూ తెలీదు. ముందున్న ముసలాయన్ని అడిగాం. పేరు చెప్పాడు, వెంటనే వాడినీ తిట్టాడు.