నాలుగేళ్లు వాడాక మా వంటింటి టిఫిన్ బల్ల గురించి

మా వంటింట్లో ఈ నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఖాళీగా లేనిది కిటికీ పక్కనున్న టిఫిన్ బల్ల. డిజైనర్ వద్దన్నా పట్టుబట్టి 30 అంగుళాల ఎత్తులో పెట్టించుకున్నాం. ఆ ఒక్క నిర్ణయానికి రోజూ ఏదో ఒక పూట సంతోషపడుతూనే ఉంటాను. మధ్యలో అదే బల్ల మమ్మల్ని ఎంత భయపెట్టిందో కూడా చెప్పాలి.

నిజాంపేటలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ మాది. వంటింటికీ హాలుకీ మధ్య గోడ సగం తీయించి ఆ చోట సొరుగుల పెట్టె మీద గ్రానైట్ రాయితో అయిదడుగుల బల్ల వేయించాం. మొదట గీసిచ్చిన డ్రాయింగ్‌లో ఎత్తు 42 అంగుళాలు, ఇవతల మూడు బార్ స్టూళ్లు. కంప్యూటర్‌లో చూస్తే బాగానే ఉంది. మా అత్తయ్య మాత్రం కళ్లజోడు సవరించుకుని చూసి, "ఇంత ఎత్తు స్టూలు నేనెట్లా ఎక్కేదమ్మా? కాళ్లు వేలాడేసుకుని పెసరట్టు తినాలా?" అన్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. "లుక్ పోతుంది మేడమ్, గట్టు మీద సామానంతా హాల్లోకి కనపడుతుంది" అని డిజైనర్ చాలాసేపు చెప్పి చూశారు. మేం ఒప్పుకోలేదు. మామూలు కుర్చీ కూర్చునే చోటు 18 అంగుళాల ఎత్తుంటుంది. దానికి 30 అంగుళాల బల్ల సరిపోతుంది. పాత డైనింగ్ టేబుల్ కుర్చీలనే వేసేశాం, స్టూళ్ల ఖర్చు తప్పింది.

టిఫిన్లు తినడానికని కట్టించిన బల్ల అత్తయ్యకి పనిబల్ల అవుతుందని మాత్రం అప్పుడు అనుకోలేదు. అంతకుముందు పాత ఇంట్లో గట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఆవిడ కాళ్లు వాచిపోయేవి. కూరలు తరిగే పని వదిలేశారు, మెల్లగా వంటింట్లోకి రావడమే తగ్గించేశారు. ఇక్కడికొచ్చిన వారానికే పొద్దున్నే కుర్చీ లాక్కుని కూర్చుని గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు. ఆ తర్వాత చపాతీ పిండి, బియ్యంలో రాళ్లు, సంక్రాంతికి అరిసెలు అద్దడం, అన్నీ అక్కడే. నేను స్టవ్ దగ్గర, ఆవిడ ఎదురుగా, మధ్యలో పోపుల డబ్బా. పెనం మీంచి తీసిన పెసరట్టు ఆవిడ పళ్లెంలోకి వెళ్లడానికి నాలుగడుగులు చాలు. డెబ్బై దాటిన మనిషి వంటింట్లోకి మళ్లీ పెద్దరికంతో వచ్చి కూర్చోవడం చూస్తే నాకు ఎంత తృప్తిగా ఉంటుందో చెప్పలేను.

ఇక జరిగింది చెప్తాను. మూడో ఏడు మే నెల, ఆవకాయ రోజులు. ఎప్పుడూ బజార్లోనే ముక్కలు కొట్టించుకొస్తాం. ఆ రోజు అక్కడ జనం ఎక్కువగా ఉండటంతో కాయలు ఇంటికి తెచ్చేశాం. ఊళ్లోంచి తెచ్చుకున్న పెద్ద కత్తిపీట బల్ల అంచున పెట్టి మా ఆయన కొడుతున్నారు. అత్తయ్య పక్కనే కూర్చుని ఒక్కో ముక్కలో జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడుస్తున్నారు. తొమ్మిదో కాయో పదో కాయో, టెంక గట్టిగా ఉంది, బలంగా కొట్టారు. టక్కుమని వేరే చప్పుడొచ్చింది. చూస్తే అంచు నుంచి సొరుగుల దాకా వెంట్రుకవాసి గీత. అత్తయ్య కాళ్లు సరిగ్గా దాని కిందే ఉన్నాయి. ఆవిణ్ణి కుర్చీతో సహా వెనక్కి లాగేశాను. రాయి ఊడిపడలేదు కానీ, పడితే ఏమయ్యేదో అన్న టెన్షన్ నాకు చాలా రోజులు పోలేదు.

పని చేసిన వాళ్లకి ఫోన్ చేస్తే సొరుగులకీ కబ్జాలకీ వారంటీ ఉంది గానీ గ్రానైట్‌కి లేదన్నారు. బల్ల మీద కత్తిపీట ఎందుకు పెట్టారని ఎదురు ప్రశ్న. నిజమే, దెబ్బ పడేది నేల మీద పెట్టుకుని కొట్టుకోవాల్సింది, ఆ తప్పు మాదే. కానీ మేం పిలిపించుకున్న గ్రానైట్ మేస్త్రి కిందకి దూరి టార్చి వేసి చూసి చెప్పింది వింటే కడుపు మండిపోయింది. ముందుకొచ్చిన రాయి కింద ఒక్క ఇనప బ్రాకెట్ కూడా లేదు. సొరుగుల పెట్టె మీద సిలికాన్ పూసి రాయి అతికించేశారు, అంతే.

ఇది ఎత్తు మార్చినప్పుడే మొదలైన తప్పు. 42 అంగుళాల బల్లకి మోకాళ్ల చోటు 12 అంగుళాలు ఉంటే చాలు. ఎత్తు తగ్గితే కాళ్లు ముందుకు చాచుకుని కూర్చుంటాం కదా, 30కి 18 అంగుళాల దాకా కావాలి. మా మాట మీద ఎత్తూ మార్చారు, రాయిని 18 అంగుళాలు ముందుకీ తెచ్చారు. దానికి కింద ఆధారం కూడా పెంచాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. "రాయి బరువు మోస్తది గానీ వంగదమ్మా, ఇంత ముందుకొచ్చినప్పుడు కింద పట్టుకునేది ఉండాలి" అన్నాడు మేస్త్రి. మూడు ఇనప బ్రాకెట్లు గట్టిగా బిగించి, వాటి మీద కొత్త రాయి వేశాడు. అంతా కలిపి 13 వేలయింది.

రాయి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. మామయ్యగారిది ఒంగోలు దగ్గర పల్లెటూరు, అందుకే ఆయన ముచ్చటపడి ఎంచుకున్నారు. కొత్త పలక వేరే లాటు, చుక్కలు కాస్త పెద్దవి. పక్కనున్న వంటగట్టుతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

నల్ల రాయి మీద పసుపు మరక కనపడదని మొదటి ఏడాది చుట్టాలందరికీ చెప్పాను. అది నిజమే. అయితే మా అపార్ట్‌మెంట్‌లో వేసవిలో బోరు నీళ్లే దిక్కు. గ్లాసు పెట్టిన చోటల్లా తెల్లటి వలయం పడుతుంది, వెంటనే పొడిగుడ్డతో తుడవాల్సిందే. సామాను కనపడుతుందన్న డిజైనర్ మాట కూడా కొట్టిపారేయలేను. ఎవరైనా వస్తున్నారంటే ముందు సింక్ పక్క గిన్నెలు సర్దుకోవాలి. గోడ తీసేశాం కాబట్టి వేపుళ్ల రోజున కుర్చీల వీపుల మీద జిడ్డు చేరుతుంది, చిమ్నీ ఉన్నా సరే. సొరుగులు బాగున్నాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా ఇద్దరే ఉద్యోగస్తులుండి, నిలబడి కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లయితే ఇంత కిందికి అక్కర్లేదేమో. మా బల్ల మొత్తం వెడల్పు 30 అంగుళాలు. చిన్న వంటింట్లో అంత చోటు పోతే ఇద్దరు తిరగలేరు. విజయవాడలో మా చెల్లెలు ఇప్పుడు ఇల్లు చేయించుకుంటోంది, అడిగింది. ముందు వచ్చి మా కుర్చీలో ఒక పూట కూర్చుని చూసుకోమన్నాను. ఒకవేళ ఇలాంటిదే వేయిస్తే, రాయి పెట్టకముందే కింద బ్రాకెట్లు ఫోటో తీసి నాకు పంపమన్నాను.

ఈ ఏడు ముక్కలు బజార్లోనే కొట్టించుకొచ్చాం. తుడవడం మాత్రం బల్ల దగ్గరే, అత్తయ్య కుర్చీలో అత్తయ్య.