ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు రీసైక్లింగ్ బిన్‌లో వేయాలా, ఏరుకునే పెద్దావిడకి ఇవ్వాలా?

కాలిఫోర్నియాలో చెత్తబండి వచ్చే రోజు తెల్లవారకముందే మా వీధిలోకి ఒక పెద్దావిడ వస్తారు. చేతికి ఒకదానిమీద ఒకటి రెండు గ్లౌజులు. ఎవరికీ నిద్ర చెడకుండా బిన్ మూత మెల్లగా దించుతారు.

డబ్బు: డబ్బాకి 5 సెంట్లు, 24 ఔన్సులూ ఆపైన ఉంటే 10 సెంట్లు డిపాజిట్‌గా కొన్నప్పుడే కట్టేశాం. ఖాళీ డబ్బాని రీసైక్లింగ్ సెంటర్‌లో ఇస్తే అవి తిరిగొస్తాయి.
బిన్‌లో వేస్తే అవి మనకి రావు.
ఆవిడకిస్తే వంద చిన్న డబ్బాలకి ఆవిడకి 5 డాలర్లు వస్తాయి.

శ్రమ: బిన్‌కి ఏమీ లేదు.
ఇవ్వాలంటే కాస్త కడిగి, సంచిలో విడిగా పెట్టాలి.

రిస్కు: వీధిలో పెట్టిన బిన్‌లోంచి తీసుకోవడం చట్టప్రకారం తప్పు. పైగా గాజుపెంకులు గుచ్చుకుంటాయి.
చేతికిస్తే ఈ రెండు బెడదలూ ఉండవు.

"పిల్లలు చూసుకోరా?" అని మనవాళ్ళే అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఆవిడ చెయ్యి చాచట్లేదు, పని చేసుకుంటున్నారు. కొందరికి అది మందుల ఖర్చు, కొందరికి ఇంట్లో ఊరికే కూర్చోలేకపోవడం.

వారానికి రెండు మూడు డబ్బాలే వస్తే, మీ వీధికి ఎవరూ రాకపోతే బిన్ చాలు. ఇంట్లో పుట్టినరోజో వ్రతమో జరిగి సంచి నిండిందా, మూతి కట్టి ఆవిడ చేతికే ఇవ్వండి.