తుపాను సాయం పేరుతో షేడ్‌నెట్లు అమ్ముతున్నవారితో జాగ్రత్త

ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో పూలు, కూరగాయల నారు పెంచి అమ్ముకునే రైతులకూ నర్సరీదారులకూ ఈ హెచ్చరిక. 2025 అక్టోబరులో వచ్చిన మొంథా తుపాను తర్వాత, చిరిగిపోయిన షేడ్‌నెట్లను (మొక్కలకు నీడనిచ్చే వలలను) మళ్లీ వేయించుకోవాలనుకునేవారి దగ్గరకు కొందరు అమ్మకందారులు వస్తున్నారు. సగం ఖర్చు ప్రభుత్వమే తుపాను సాయంగా ఇస్తుందనీ, ముందు పూర్తి సొమ్ము కట్టేస్తే తర్వాత ఆ సగం ఖాతాలో పడుతుందనీ చెబుతున్నారు. నాకూ అదే హామీ ఇచ్చి అడ్వాన్సు తీసుకున్నారు. కొటేషన్‌లో రాసిన మందం కంటే పలచని వల పంపారు, జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు, సబ్సిడీ సంగతి అడిగితే ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

అసలు మెలిక ఎక్కడుందంటే, వీరు రెండు వేర్వేరు పథకాలను కలిపి ఒకటిగా చూపిస్తున్నారు. తుపానుకు పంట పోయినవారికి ఇచ్చేది ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే మళ్లీ సాగు చేసుకోవడానికి ఇచ్చే సాయం. అది పంటకే గాని ఇనుప పైపులకూ వలకూ కాదు. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్నప్పుడే వర్తిస్తుంది. 2022-26 కేంద్ర విపత్తు నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, బహువార్షిక తోటకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. రాష్ట్రం జీవో ఇచ్చి ఈ మొత్తాన్ని పెంచవచ్చు. అయినా ఒక్క ఎకరం బంతి తోటకు లక్షల సాయం వస్తుందని ఎవరైనా కాగితం మీద లెక్కవేసి చూపిస్తే, ఆ లెక్క ఏ నిబంధనలోదో చూపించమని అడగండి.

షేడ్‌నెట్ నిర్మాణానికి ఇచ్చే రాయితీ ఉద్యాన శాఖది. దానికి తుపానుతో సంబంధం లేదు. శాఖ అధికారులు స్థలం పరిశీలించి ముందుగా మంజూరు ఇవ్వాలి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. మంజూరు లేకుండా ముందే కట్టుకున్నదానికి తర్వాత సబ్సిడీ ఇప్పిస్తామని అమ్మకందారు ఎంత గట్టిగా చెప్పినా, ఆ మాటకు విలువ లేదు. ఈ తిరకాసును చూసీ చూడనట్టు వదిలేసే మండల సిబ్బందిపైనా నాకు కోపమే.

పంట నష్టం నమోదు కోసం ఏ దళారీకీ రూపాయి ఇవ్వనక్కరలేదు. మీ రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో) మీ పంట ఉందో లేదో చూసుకోండి, నష్టపోయినవారి జాబితాను అక్కడ ప్రదర్శించినప్పుడు మీ పేరు వెతుక్కోండి, లేకపోతే అప్పుడే అభ్యంతరం రాసి ఇవ్వండి. కౌలుకు చేస్తున్నవారు సాగు హక్కుల కార్డు దగ్గర ఉంచుకోవాలి. సొమ్ము నేరుగా ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే వస్తుంది కాబట్టి, మధ్యలో ఎవరూ ఓటీపీ గాని వేలిముద్ర గాని అడగవలసిన పని లేదు. నన్ను మాత్రం రెండూ అడిగారు.

ఇప్పటికే డబ్బు కట్టినవారు కొటేషను, చెల్లింపు రుజువులు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా భద్రపరచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఓటీపీ చెప్పాక ఖాతాలో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నేను అర్జీ ఇవ్వబోతున్నాను. ఇదే తీరున మోసపోయినవారు తమ కాగితాలతో వస్తే, అర్జీలన్నీ ఒకేసారి ఇద్దాం.